చక్రం మీద నేత గుర్తు

ఎస్క్వింత్లా,
1996 మే 12

అక్కకు,

బావుదీలియో నమస్కారం. నేను బాగానే ఉన్నాను. తింటున్నాను, పడుకుంటున్నాను, ఆదివారం పూజకు వెళ్తున్నాను. మూడోది అబద్ధమని నీకు తెలుసు. అయినా రాయకపోతే నీ జవాబులో మొదటి మాట అదే అడుగుతావు.

ఈ ఉత్తరం నీకిచ్చిన పెద్దమనిషి కుపెర్తీనో గారు. ఇక్కణ్ణించి మన ఒస్తున్‌కాల్కో దాకా తిరిగే "గారాలపట్టి" బస్సు ఆయనదే, తోలేదీ ఆయనే. నీ జవాబు కూడా ఆయన చేతికే ఇవ్వు. పోస్టు కన్నా ముందు వస్తుంది.

మొన్న ఆయన బస్సు తెచ్చి రోడ్డు పక్క నా టార్పాలిన్ ముందు ఆపాడు. దిగి, నన్ను కింద నుంచి పైదాకా చూసి, "ఏరా, మొహం కడుక్కోనివాడివి, చక్రాలేం కడుగుతావు?" అన్నాడు.

"మొహానికి మీరు డబ్బులివ్వరుగా" అన్నాను.

చక్రాలు చూశాను. మంచి అల్యూమినియం. కానీ బ్రేకుల నుంచి రాలే నల్లపొడి వేడికి కాలి అతుక్కుపోయింది. దాని మీద తారు. తారు మీద చెరకు లారీల నుంచి కారిన మడ్డి. గోరు పెట్టి గీకినా ఊడదు. "అవుతుందా?" అన్నాడు. "అవుతుంది, తొందరపెట్టకపోతే" అన్నాను.

ఆయన నన్ను నమ్మలేదు. పక్కన పాలిష్ చేయించుకుని ఆగి ఉన్న ఇంకో బస్సు దగ్గరికి తీసుకెళ్ళి కళ్ళు మూసుకోమన్నాడు. చక్రం మీద వేలు పెట్టి ఒక చుట్టు తిప్పాను. "మూడు గీతలున్నాయి" అని చోటు చూపించాను. రెండు ఆయనకూ కనపడ్డాయి. మూడోదానికి కళ్ళద్దాలు తెచ్చుకోవలసి వచ్చింది.

"ఈ వేలు అమ్ముతావా?" అన్నాడు.

"అమ్మను. అద్దెకిస్తాను."

అక్కా, జూలై ఇరవై అయిదు, డ్రైవర్లను కాచే పునీత క్రిస్తోబల్ పండగ. ఇక్కడ బస్సుల ఊరేగింపు ఎట్లా జరుగుతుందో నువ్వు చూడలేదు. పునీతుడి పల్లకీ వెనకాల మొదటి చోటు ఏ బస్సుదో డ్రైవర్లే తేలుస్తారు, చక్రాలు చూసి. ఫాదర్ గారు తీర్థం చల్లుతుంటే పునీతుడి వంక చూసేవాడు ఒక్కడుండడు, అందరూ వంగి పక్కవాడి చక్రాలు చూస్తుంటారు. గారాలపట్టి గనక ముందు నిలబడితే, ఆ దారిలో తిరిగే బస్సులన్నిటి చక్రాలూ నావే. బస్సుల షెడ్డులో ఒక మూల నాకిస్తారట, రేకుల కప్పు కింద. పదకొండేళ్ళు ఎండలో కూర్చున్నాను. ఇంక చాలు.

ఒక సాయం కావాలి. కడగడం, తడిపిన గరుకు కాగితంతో రుద్దడం, మైనం పట్టించడం, అన్నీ అయ్యాక చివరి మెరుపు గుడ్డతోనే వస్తుంది. కొత్త గుడ్డ గీతలు పెడుతుంది. పాతబడ్డ నూలు గుడ్డలు ఏమైనా ఉంటే పంపు.

నీ తమ్ముడు
బావుదీలియో

*

ఒస్తున్‌కాల్కో,
మే 26

తమ్ముడూ,

దేవుని చల్లని చూపు నీ మీద ఉండాలి.

అమ్మ పాత పావడాలు రెండు కత్తిరించాను. సబ్బుతో ఉతికి పంపుతున్నాను. కుపెర్తీనో గారు మర్యాదస్తుడిలా ఉన్నారు. టోపీ తీసి మాట్లాడారు.

పునీతుడి కోసం చేసే పని కాబట్టి ఆదివారం పూజకు నిజంగా వెళ్ళు.

తెయోఫిలా

*

ఎస్క్వింత్లా,
జూన్ 16

అక్కకు,

వెళ్ళాను. నిజంగానే. వెనక బల్ల మీద కూర్చుని నిద్రపోయాను, కానీ గుళ్ళోనే పోయాను.

గుడ్డలు అందాయి. అమ్మ పావడాలు ఇన్నేళ్ళయినా అమ్మలాగే ఉన్నాయి, గట్టివి, మెత్తబడవు. మొదటి రుద్దుడుకి పనికొచ్చాయి. చివరి పనికి మాత్రం ఇంకా మెత్తటివి కావాలి. నువ్వు గుడిలో పూజపీఠం మీద పరిచే అల్తారు బట్టలు ఉతుకుతావే, చేత్తో పట్టుకుంటే పట్టుకున్నట్టే ఉండదు, అట్లాంటివి. అడగడానికి సిగ్గుగానే ఉంది.

నాలుగు బయటి చక్రాల్లో రెండు నల్లదనం వదిలాయి. రోజూ పొద్దున బస్సు బయల్దేరక ముందు గంట, మధ్యాహ్నం తిరిగొచ్చాక రెండు గంటలు. కుపెర్తీనో గారు పక్కనే కుర్చీ వేసుకుని కాపలా కాస్తాడు. "మా ఆవిడ పురుడప్పుడు కూడా ఇంతసేపు కూర్చోలేదురా" అంటాడు.

రోడ్డు దిగువన త్రాన్సితో అని ఒకడున్నాడు. వాడు ఇంత కష్టపడడు. పేరూ ఊరూ లేని క్యాన్లలో ఏదో ఆమ్లం తెచ్చి చల్లుతాడు. పొగ వస్తుంది, మరక పోతుంది. అయిదు నిమిషాలు. నెల తిరిగేసరికి చక్రం పాచి పట్టిన పళ్ళలా అవుతుంది. నాకు కూడా ఒక క్యాను ఇస్తానన్నాడు. "నా వేళ్ళతో తిండి తింటాను, వద్దు" అన్నాను.

బావుదీలియో

*

ఒస్తున్‌కాల్కో,
జూలై 14

తమ్ముడూ,

ఆ మందు జోలికి పోకు.

ఫాదర్ గారిని అడిగాను. చిరిగిపోయిన అల్తారు బట్టలు మూడు ఇచ్చారు. అమ్మ పావడా ఇంకొకటి చేర్చాను. అల్తారు బట్టలు ఎట్లా ఉతుకుతానో అట్లాగే ఉతికాను. పొయ్యి బూడిద తేటలో రెండు రోజులు నానబెట్టాను. ఈసారి వానలు ఆగిపోయి తొట్టిలో నీళ్ళు లేవు. మూడుసార్లు జాడించేదాన్ని ఒకసారే జాడించాను. ఎండబెట్టి ఇస్త్రీ చేశాను.

కళ్ళు మూసుకుని పట్టుకుని చూశాను. అమ్మ పావడా కూడా మెత్తబడింది.

ఉతుకుతున్నంతసేపు జపమాల చెప్పాను. ఇంతకన్నా నా చేతిలో ఏమీ లేదు.

తెయోఫిలా

*

ఎస్క్వింత్లా,
ఆగస్టు 1

అక్కకు,

పండగ అయిపోయింది. నేను బాగున్నాను. గుడ్డలు ఇంక పంపకు, చాలా ఉన్నాయి. ఈ ఉత్తరం బస్సులో కూర్చుని రాస్తున్నాను, అందుకే అక్షరాలు ఇట్లా ఉన్నాయి.

బావుదీలియో

*

ఒస్తున్‌కాల్కో,
ఆగస్టు 10

తమ్ముడూ,

నువ్వు బస్సులో రాశానన్నావు. కుపెర్తీనో గారేమో నీ గదికి వచ్చి తీసుకున్నానన్నారు. ఆయన టోపీ తీశారు గానీ నా మొహం చూడలేదు.

పండగలో బస్సు ఎన్నో చోట నిలబడిందో రాయలేదు. పదకొండేళ్ళుగా ఎదురుచూసినవాడివి అది రాయకుండా ఉండవు.

ఆ అక్షరాలు కుడి చేతివి కావు. కుడి చేతికి ఏమైంది? నిజం రాయి. నేను కంగారుపడే మనిషిని కాదు, నీకు తెలుసు.

తెయోఫిలా

*

ఎస్క్వింత్లా,
ఆగస్టు 20

అక్కకు,

కంగారుపడవు. అదే నాకు భయం. నువ్వు ఏడిస్తే ఏమైనా చెప్పి సముదాయించవచ్చు.

రాస్తాను. ఎడమ చేత్తో కాబట్టి నాలుగు రోజులు పట్టింది.

జూలై 23కి పని పూర్తయింది. నాలుగు చక్రాలూ. కుపెర్తీనో గారు ఒకదాంట్లో చూసుకుని మీసం దువ్వుకున్నారు. మర్నాడు పొద్దున చూస్తే నాలుగింటి మీదా మచ్చలు. బూడిద రంగు, మధ్యలో నలుపు. వానకో, చెరకు మడ్డికో, నాకు తెలియదు. మళ్ళీ మొదటి నుంచి రుద్దాలంటే నాలుగు రోజులు కావాలి. ఉన్నది ఒక్కరోజు.

త్రాన్సితో దగ్గరికి వెళ్ళాను. వాడు నవ్వలేదు, అది చెప్పాలి. "చేతికి తొడుగు వేసుకో అన్నా" అన్నాడు. వేసుకున్నాను. మూడో చక్రం దగ్గర తొడుగు చిరిగిందని నాకు తెలియలేదు. మంటే లేదు అక్కా. నీళ్ళలాగే ఉంది. సాయంత్రం దాకా ఏమీ లేదు. ఆ తర్వాత వేళ్ళ లోపల, ఎముకలో మొదలైంది. పైన చర్మం చూస్తే ఏమీ లేదు, కాస్త తెల్లబడింది అంతే. లోపల మాత్రం ఎవరో రంపం పెట్టినట్టు. కుపెర్తీనో గారే ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. పండగ పొద్దున, ఊరేగింపుకి బస్సు పెట్టి రావలసినవాడు, నాతో అక్కడ కూర్చున్నాడు.

మచ్చలు పోయాయి. మెరుపు కూడా పోయింది. చక్రాలు తెల్లగా, పాలు విరిగినట్టు అయ్యాయి. ఆయన కొడుకు వాటికి కాగితం పూలు చుట్టి, బస్సుని ఊరేగింపులో చిట్టచివర నిలబెట్టాడట.

చూపుడువేలు, మధ్యవేలు. ఏదో జెల్లీ పూసి కట్టు కట్టారు. ఇంకో రెండు వారాలు చూడాలన్నారు. డాక్టరు సూదితో గుచ్చి "తెలుస్తోందా?" అంటాడు. "తెలుస్తోంది" అంటాను. ఎక్కడ గుచ్చాడో చూసి చెప్తున్నాను. ఆయనకీ తెలుసు.

తప్పంతా నాది. వద్దని నువ్వు రాశావు.

బావుదీలియో

*

ఒస్తున్‌కాల్కో,
ఆగస్టు 28

తమ్ముడూ,

ఉత్తరం చదివి గుడికి వెళ్ళాను. తొమ్మిది రోజుల ప్రార్థన మొదలుపెట్టాను. చూపుడువేలికి, మధ్యవేలికి. పేరు పెట్టి అడుగుతున్నాను. దేవుడికి వివరంగా చెప్పాలని అమ్మ అనేది.

రమ్మంటే వస్తాను. గుడి పని చూసేవాళ్ళు ఉన్నారు.

చేయి బాగుపడగానే నీకు గుడ్డలు కావాలి. మళ్ళీ కొన్ని నానబెట్టాను. ఈసారి తేట చిక్కగా తీసి మూడు రోజులు ఉంచాను. మొన్నటివాటి కన్నా మెత్తగా వస్తాయి. కుపెర్తీనో గారు మళ్ళీ వచ్చినప్పుడు ఇస్తాను.

తెయోఫిలా

*

ఎస్క్వింత్లా,
సెప్టెంబరు 8

అక్కకు,

గురువారం తీసేశారు. చూపుడువేలు రెండు కణుపులు, మధ్యవేలు ఒకటి. మత్తు ఇచ్చారు, నొప్పి లేదు. నల్లబడ్డాక అవి నావి అనిపించలేదు, కాబట్టి పెద్దగా ఏమీ లేదు.

నువ్వు రావద్దు.

గుడ్డలు పంపకు అని ముందే రాశాను. మళ్ళీ రాయించకు. ఎడమ చేత్తో ఒక్కొక్క మాటకీ ఎంతసేపు పడుతుందో నీకు తెలియదు.

బావుదీలియో

*

ఒస్తున్‌కాల్కో,
సెప్టెంబరు 22

తమ్ముడూ,

నీ ఉత్తరం అందేలోపే గుడ్డల మూట కట్టి ఉంచాను. కుపెర్తీనో గారు నీ ఉత్తరం నా చేతికిచ్చారు. నేను మూట ఆయన చేతికిచ్చాను. చదవకుండానే ఇచ్చాను. ఆయన దాన్ని పట్టుకుని నిలబడ్డారు. లోపల పెట్టుకోలేదు, తిరిగివ్వలేదు.

"అక్కగారూ, ఇవి మళ్ళీ ఎందుకమ్మా?" అన్నారు.

"చేయి బాగయ్యాక కావాలి కదండీ" అన్నాను.

"వాటితోనే కదమ్మా ఇదంతా వచ్చింది."

నేను అర్థంకాక ఆయన మొహం వంక చూశాను. ఆయన నాకు తెలుసనుకున్నారు. నాకు తెలియదని అప్పుడు తెలిసింది ఆయనకి. టోపీ మళ్ళీ తీసి, "వాడు చెప్పలేదా? నేను నోరు జారాను. అమ్మా, నన్ను క్షమించండి" అన్నారు. బస్సులో జనం ఉన్నారు. ఒకావిడ కోళ్ళ బుట్టతో ఎక్కి, "ఏంటయ్యా, బండి తీస్తావా, గుడ్లు పెట్టించుకుని పోతావా?" అంది. ఆయన మూట నా చేతిలో పెట్టి వెళ్ళిపోయారు.

ఏం జరిగిందో నువ్వు రాయి. ఆయన చేత చెప్పించుకోలేను. ఆ మచ్చలు వానవి కావని మాత్రం అర్థమైంది. మిగిలింది నువ్వే రాయాలి.

నాకెందుకు చెప్పలేదు?

తెయోఫిలా

*

ఎస్క్వింత్లా,
అక్టోబరు 6

అక్కకు,

ఎందుకంటే, చెప్తే నువ్వు ఏం చేస్తావు?

సరే. పని పూర్తయిన రోజు సాయంత్రం సన్నగా తుంపర పడుతోంది. రోడ్డు మురికి చక్రాల మీద పడకుండా ఏదైనా చుట్టాలి. అంత మెత్తటి గుడ్డలు నా దగ్గర అవే ఉన్నాయి. వాటిని నీళ్ళలో ముంచి, పిండి, తడిగానే నాలుగు చక్రాలకీ చుట్టి కట్టాను. తడిగుడ్డయితే మురికి దానికే అంటుకుని ఆగిపోతుంది, అందరం అట్లాగే చేస్తాం. పొద్దున విప్పేసరికి మచ్చలు. మామూలు మచ్చలు కావు. అమ్మ పావడా నేత ఉంటుందే, అడ్డపోగు నిలువుపోగు, ఆ గళ్ళు గళ్ళుగా అల్యూమినియం మీద అచ్చు పడింది. అల్తారు బట్ట చుట్టిన చక్రం మీద అంచు కుట్టు కూడా కనిపించింది. కుట్టింది నువ్వే, నీ కుట్టు నాకు తెలుసు.

బూడిద తేట అల్యూమినియంని తింటుందని షెడ్డులో ముసలి మెకానిక్కు చెప్పాడు. ఇనుమయితే ఏమీ కాదట. బట్టకి ఏమీ కాదు. చేతికి ఏమీ కాదు. అల్యూమినియానికే. నీకెట్లా తెలుస్తుంది? నాకే తెలియదు, పదకొండేళ్ళు దాంతోనే బతికి.

వేరే ఎవరివైనా అయితే ఆ గుడ్డలు తీసుకెళ్ళి వాళ్ళ మొహాన కొట్టేవాణ్ణి. కుపెర్తీనో గారు వాటిని ఎత్తి వాసన చూసి, "ఎవరిచ్చార్రా ఇవి?" అన్నారు. నేను చెప్పలేదు. ఆయనే తెచ్చిచ్చిన మూట, ఆయనకి తెలియకపోతుందా?

ఒక మాట నిజం రాస్తాను. ఆసుపత్రిలో మూడో రోజు నీ మీద కోపం వచ్చింది. ఒక పూటంతా ఉంది. నువ్వు సబ్బుతో ఉతికి ఊరుకుని ఉంటే అనుకున్నాను. తర్వాత నేనే మెత్తగా కావాలని అడిగాను కదా అని గుర్తొచ్చింది. మూట వచ్చిన రోజు గుడ్డలో చేయి పెట్టి ఎంతసేపు అట్లాగే కూర్చున్నానో. ఇవే వేళ్ళు. కంటికి కనపడని గీత పట్టుకునే వేళ్ళు. గుడ్డలో ఉన్నది పట్టుకోలేదు. ఎంత మెత్తగా ఉన్నాయో అని మాత్రం తెలిసింది.

ఇప్పుడు ఏం చేస్తున్నానని అడుగుతావు. కుపెర్తీనో గారు షెడ్డులోనే కూర్చోబెట్టారు, రేకుల కింద. బస్సులకి నీళ్ళు కొడతాను. ఎడమ చేత్తో చక్రం తడిమి చూస్తాను. దానికి ఏమీ తెలియదు. అంతా నున్నగానే ఉంటుంది. మొన్న త్రాన్సితో ఒక చక్రం తెచ్చి "చూడన్నా, గీతలున్నాయా?" అన్నాడు. "లేవు" అన్నాను. వాడు కళ్ళద్దాలు పెట్టుకుని చూసి, మళ్ళీ రుద్దడానికి తీసుకెళ్ళాడు.

నువ్వు రావద్దన్నది కోపంతో కాదు. వస్తే చెయ్యి చూస్తావు. చూస్తే నువ్వు ఏడవవు, నుంచుంటావు. నువ్వట్లా నుంచుంటే నేనేం చెయ్యాలో నాకు తెలియదు. కొన్నాళ్ళు పోనీ.

బావుదీలియో

*

ఒస్తున్‌కాల్కో,
అక్టోబరు 20

తమ్ముడూ,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. కోపం వచ్చిందని రాశావు, మంచిది. అది రాయకపోతే మిగతాది నమ్మేదాన్ని కాదు.

శనివారం ఫాదర్ గారి దగ్గర పాపాలు చెప్పుకోవడానికి, పాపసంకీర్తనానికి వెళ్ళాను. చెప్పాను. ఫాదర్ గారు ఓపిగ్గా విన్నారు.

"తెలిసి చేశావా అమ్మా?" అన్నారు.

"లేదు ఫాదర్."

"అశ్రద్ధగా చేశావా?"

"లేదు. శ్రద్ధగా చేశాను. నీళ్ళు లేక ఒకసారే జాడించాను."

"నీళ్ళు లేకపోవడం నీ తప్పా? ఇది పాపం కాదమ్మా. వెళ్ళు."

"ప్రాయశ్చిత్తం ఏమిటి ఫాదర్?"

"పాపం లేనప్పుడు ప్రాయశ్చిత్తం ఎక్కణ్ణించి వస్తుంది?"

"ఒక్క జపమాలైనా చెప్పమనండి."

"చెప్పమనలేను. చెప్పుకోవాలనిపిస్తే నీ ఇష్టం. వెనక చాలామంది ఉన్నారమ్మా."

లేచి వచ్చాను. వెనక నిలబడ్డవాళ్ళు ఒక్కొక్కరూ లోపలికి వెళ్ళడం, ఏదో ఒక ప్రాయశ్చిత్తం మోసుకుని బయటికి రావడం చూస్తూ కూర్చున్నాను. ఒకామెకి అయిదు జపమాలలు పడ్డాయట, గొణుక్కుంటూ పోయింది. ఆమెని చూస్తే నాకు అసూయ కలిగింది. అది పాపమే. వచ్చే శనివారం చెప్పుకోవడానికి అదొకటి ఉంది.

నలభై ఏళ్ళుగా రోజూ ప్రార్థన చేస్తున్నాను. ఇప్పుడు మోకరిస్తే ఏం అడగాలో తెలియడం లేదు. క్షమించమనడానికి పాపం లేదన్నారు. వేళ్ళు ఇవ్వమని అడగకూడదు. ఊరికే మోకాళ్ళ మీద ఉండి లేచి వస్తున్నాను.

అల్తారు బట్టలు వేరేవాళ్ళకి అప్పగించాను. ఫాదర్ గారు ఎందుకని అడగలేదు.

నువ్వు రావద్దన్నావు. రాను. చెయ్యి చూడాలని అడగను. నీకు పంపడానికి నా దగ్గర ఏమీ లేదు. ఏం పంపాలన్నా భయంగా ఉంది.

ఒకటి మాత్రం రాయి. ఎడమ చేత్తో ఎంతసేపు పట్టినా సరే. పొద్దున నీ చొక్కా గుండీలు ఎవరు పెడుతున్నారు?

అక్క